క్యాప్ ఊడితే ముందు దాని లోపల చూడండి

దంతవైద్యం: ప్రశ్నలు – జవాబులు

ఈసారి ఉత్తరాలన్నీ సిరామిక్ క్యాప్‌లు అతికించడం చుట్టూనే తిరిగాయి. క్లినిక్‌లో అతికించేవారూ రాశారు, నోరు తెరిచి కుర్చీలో పడుకున్నవారూ రాశారు. ఎవరి బాధ వారిదే గానీ చాలావాటికి మూలం ఒకటే కనిపించింది: క్యాప్ జిర్కోనియాతో చేశారో, ఈమ్యాక్స్ లాంటి గాజు కలిసిన సిరామిక్‌తో చేశారో అడక్కుండానే సిమెంట్ కలిపేయడం.

ప్రశ్న: కింది రెండో మోలార్‌కి (నమిలే దవడ పన్ను) జిర్కోనియా క్యాప్ పెట్టాను. మూడు నెలల్లో రెండుసార్లు ఊడింది. రెండోసారి ఖరీదైన సెల్ఫ్ అడెసివ్ రెజిన్ సిమెంట్ వాడినా అదే తంతు. ఇంతకంటే గట్టి సిమెంట్ ఏదైనా ఉందా?
– ఒక దంతవైద్యుడు, తణుకు

జవాబు: సిమెంట్ మార్చేముందు ఆ ఊడిన క్యాప్‌ని కడక్కుండా లూప్స్ (పెద్దగా చూపే కళ్లద్దాలు) పెట్టుకుని లోపల చూడండి. తర్వాత పన్ను చూడండి. సిమెంట్ ఎటు మిగిలిందో అదే సాక్ష్యం.

సిమెంటంతా పంటిమీదే ఉండి క్యాప్ లోపల నున్నగా మెరుస్తుంటే జిర్కోనియా వైపు పట్టు తప్పినట్టు. సిమెంట్ క్యాప్‌లో అచ్చు పోసినట్టు ఉండి పన్ను బోసిగా కనిపిస్తే తేడా పంటి దగ్గర జరిగింది: తేమో, నెత్తురో, చిగుట్లో దారం పెట్టినప్పుడు వాడిన మందో, గీకకుండా వదిలేసిన తాత్కాలిక సిమెంటో. రెండు వైపులా పెచ్చులు పెచ్చులుగా ఉంటే సిమెంటే మధ్యలో విరిగింది. అంటే పంటి ఆకారం క్యాప్‌ని పట్టుకోవడం లేదు, బరువంతా సిమెంటే మోస్తోంది. లేదా సిమెంట్ గట్టిపడే నిమిషాల్లో రోగి నాలుకతో కదిపారు.

కింది రెండో మోలార్ అన్నారు కాబట్టి మాకు మొదటి అనుమానం ఎత్తు మీదే. ఆ పన్ను పుట్టుకతోనే పొట్టి. అరగదీశాక గోడ ఎత్తు మోలార్లకి 4 మి.మీ., మిగతా పళ్లకి 3 మి.మీ. అయినా మిగలాలి. ఎదురెదురు గోడల వాలు కలిపి చూస్తే 10 నుంచి 20 డిగ్రీల లోపు ఉండాలి. 3 మి.మీ. ఎత్తు, 30 డిగ్రీల వాలు ఉన్న మోలార్ మీద ఏ సిమెంటైనా రోజులు లెక్కపెట్టుకుంటూ కూర్చుంటుంది. అలాంటి పంటికి పక్క గోడల్లో నిలువు గాడులు వేసి, మళ్లీ కొలత తీసి కొత్త క్యాప్ చేయించడమే మార్గం. పాత క్యాప్‌నే మూడోసారి అతికించాలన్న మొహమాటం ఇక్కడ పనికిరాదు. ఆకారం బాగుంటే మాత్రం జిర్కోనియాకి రెజిన్ సిమెంటే కానక్కర్లేదు, రెజిన్ కలిసిన గ్లాస్ అయనోమర్ అనే సిమెంట్ చాలు.

ఇక క్యాప్ లోపల నున్నగా ఉంటే పద్ధతి ఇది. ముందు ట్రయల్ మొత్తం ముగించండి: పక్క పళ్ల తగులుడు, అంచులు, కొరుకు. ఆ తర్వాతే లోపలి వైపుని 50 మైక్రాన్ల అల్యూమినా పొడితో శాండ్‌బ్లాస్ట్ చేయండి, అంటే పొడిని గాలి ఒత్తిడితో చిమ్మి గరుకు చేయండి. ఒత్తిడి 1 నుంచి 2 బార్లు, నాజిల్ దూరం 10 మి.మీ., వ్యవధి 10 నుంచి 15 సెకన్లు. మెరుపు పోయి ఒకేలా మాసినట్టు కనిపిస్తే చాలు. పళ్లు బాగా కనబడేలా చేసే పారదర్శక రకం జిర్కోనియా అయితే 1 బార్ దగ్గరే ఆగండి, అది మామూలు జిర్కోనియా అంత గట్టిది కాదు. తర్వాత ఆల్కహాల్‌లోగానీ డిస్టిల్డ్ వాటర్‌లోగానీ అల్ట్రాసోనిక్ క్లీనర్‌లో వేసి, ఆరబెట్టి, ఎండీపీ ఉన్న ప్రైమర్ (పట్టు పెంచే పూత) రాయాలి. ఈ ఎండీపీ అనే ఫాస్ఫేట్ అణువుని 1980ల మొదట్లో జపాన్‌లోని కురారే తయారుచేసింది. ఒక కొన లోహ ఆక్సైడ్‌ని పట్టుకుంటుంది, రెండో కొన రెజిన్‌తో కలిసిపోతుంది. మీరు వాడిన సిమెంట్‌లోనే ఎండీపీ ఉంటే విడిగా ప్రైమర్ అక్కర్లేదు. పెట్టె లోపలి కాగితంలో అది రాసి ఉంటుంది.

చాలామంది తడబడేది ఇక్కడే: ల్యాబ్‌వాళ్లు శాండ్‌బ్లాస్ట్ చేసి పంపారు కదా అని ట్రయల్ చూసి నేరుగా సిమెంట్ వేసేస్తారు. ట్రయల్‌లో తగిలిన లాలాజలంలోని ఫాస్ఫేట్లు జిర్కోనియాకి అంటుకుని, ఎండీపీ కూర్చోవాల్సిన చోటుని ముందే ఆక్రమించేస్తాయి. నీళ్లతో కడిగితే పోవు. పంటిని గరుకు చేయడానికి వాడే ఎచింగ్ జెల్‌తో కడిగితే ఇంకా చేటు, ఎందుకంటే అదే ఫాస్ఫారిక్ యాసిడ్, ఉన్న ఫాస్ఫేట్‌కి ఇంకొంత కలిపినట్టు. శాండ్‌బ్లాస్టర్ లేని క్లినిక్‌లో ఐవోక్లీన్ లాంటి జిర్కోనియా శుభ్రం చేసే పేస్ట్‌ని 20 సెకన్లు రాసి కడగండి. ల్యాబ్‌లో శాండ్‌బ్లాస్ట్ చేసి ఉంటే అది సరిపోతుంది.

పంటి వైపు విషయానికొస్తే, సెల్ఫ్ అడెసివ్ సిమెంట్ వాడేటప్పుడు డెంటిన్‌కి (ఎనామిల్ కింది పొర) ఫాస్ఫారిక్ యాసిడ్ పూయొద్దు. మంచి జరుగుతుందనుకుని పూసేవారున్నారు గానీ పట్టు తగ్గుతుంది. పన్నుని ఎండుచేప చేసేయకండి. నీటి మెరుపు పోయి, చెమ్మ మాత్రం ఉండాలి.

ప్రశ్న: ఈమ్యాక్స్ క్యాప్‌కి హైడ్రోఫ్లోరిక్ యాసిడ్ ఎంతసేపు పెట్టాలి? మా క్లినిక్‌లో 9 శాతం జెల్ ఉంది. డాక్టరుగారు 1 నిమిషం అంటారు, ల్యాబ్‌వాళ్లు 20 సెకన్లంటారు.
– ఒక డెంటల్ అసిస్టెంట్, వరంగల్

జవాబు: ల్యాబ్‌వాళ్లదే సరైన మాట. ఈమ్యాక్స్ అంటే లిథియం డైసిలికేట్ సిరామిక్, దానికి తయారీదారు చెప్పింది 5 శాతం జెల్, 20 సెకన్లు. మీ దగ్గరున్నది 9 శాతమైనా 20 సెకన్లు దాటించొద్దు. డాక్టరుగారి 1 నిమిషం పాత పద్ధతి నుంచి వచ్చి ఉంటుంది. పాతకాలపు ఫెల్డ్‌స్పార్ పోర్సిలైన్‌కి, ల్యూసైట్ ఉన్న సిరామిక్‌కి 60 సెకన్లు, అంతకంటే ఎక్కువా పెట్టేవారు. వాటిలో గాజు ఎక్కువ. ఈమ్యాక్స్‌లో గాజు తక్కువ, స్ఫటికాలు ఎక్కువ. యాసిడ్ తినేది గాజుని మాత్రమే. ఎక్కువసేపు ఉంచితే స్ఫటికాల్ని పట్టి ఉంచే గాజు కరిగిపోయి పైపొర బలహీనపడుతుంది.

కడిగి ఆరబెట్టాక లోపల సుద్ద రాసినట్టు తెల్లగా కనిపిస్తుంది. ఒకేలా మసకగా ఉంటే అది మంచి ఎచింగ్. పొడిపొడిగా, వేలికి అంటేలా తెల్లటి పూత ఉంటే అది యాసిడ్ వదిలిన లవణం, దాన్ని తీయకుండా సైలేన్ (సిరామిక్‌ని రెజిన్‌తో కలిపే ద్రవం) వేస్తే లవణం మీద అతికించినట్టే. డిస్టిల్డ్ వాటర్‌లోగానీ ఆల్కహాల్‌లోగానీ 5 నిమిషాలు అల్ట్రాసోనిక్‌లో పెడితే పోతుంది. తర్వాత సైలేన్ ఒక పూత, 60 సెకన్లు ఆగి, నూనె లేని గాలితో ఆరబెట్టాలి. సైలేన్ బాటిల్‌ని వెలుగుకి పెట్టి చూడండి. నీళ్లలా తేటగా ఉండాలి. పాలలా మసకబారితే గడువు తేదీ ఏం చెప్పినా పారేయండి.

ల్యాబ్‌లోనే ఎచింగ్ చేసి పంపితే ట్రయల్ తర్వాత మళ్లీ హైడ్రోఫ్లోరిక్ యాసిడ్ (హెచ్ఎఫ్) పెట్టకండి. ఫాస్ఫారిక్ యాసిడ్ 37 శాతం జెల్‌తో 60 సెకన్లు కడిగి, ఆపై సైలేన్ వేస్తే చాలు. జిర్కోనియాకి చేయొద్దని పై జవాబులో చెప్పిన పనే ఇక్కడ చేయమంటున్నాం. పైకి రెండూ తెల్లటి క్యాప్‌లే, లోపలి కథ వేరు. జిర్కోనియాలో గాజు లేదు కాబట్టి హెచ్ఎఫ్ దాన్నేమీ చేయలేదు. అందుకే ల్యాబ్ చీటీ మీద ‘సిరామిక్’ అని రాసి ఉంటే ఊరుకోకండి. పదార్థం పేరు రాయించుకుని ఆ చీటీని రోగి కార్డుకి పిన్ను చేయండి.

ఇంకో మాట, ఇది ముఖ్యంగా మీకు. హెచ్ఎఫ్ చర్మం మీద పడినప్పుడు వెంటనే మంట తెలియకపోవచ్చు. లోపలికి దిగి ఎముకలోని కాల్షియంని కూడా పట్టుకుంటుంది. నైట్రైల్ గ్లవ్స్, కళ్లద్దాలు లేకుండా ఆ సిరంజి మూత తీయకండి. 2.5 శాతం కాల్షియం గ్లూకోనేట్ జెల్ ట్యూబ్ అదే అల్మారాలో ఉండాలి. కడిగిన నీళ్లని బేకింగ్ సోడా వేసిన గిన్నెలోకి పోసి, పొంగు ఆగాక పారబోయండి. రోగి నోట్లో మాత్రం హెచ్ఎఫ్ జెల్ వాడొద్దు.

ప్రశ్న: నాలుగు రోజుల క్రితం పైదవడ పంటికి క్యాప్ పెట్టారు. చల్లనీళ్లు తాగితే జివ్వుమంటోంది, నమిలినప్పుడు ఆ పన్నే ముందు తగులుతున్నట్టుంది. సిమెంట్ సరిగా పట్టలేదంటారా?
– ఒక గృహిణి, హైదరాబాద్

జవాబు: సిమెంట్ పట్టకపోతే క్యాప్ కదలాలి, అంచు దగ్గర చెడు వాసనో రుచో రావాలి. అమ్మా, మీరు చెప్పిన రెండు లక్షణాల్లో రెండోదే అసలు గుట్టు: క్యాప్ ఎత్తుగా ఉంది. అతికించే రోజు మత్తు ఇంజెక్షన్ ఇచ్చి ఉంటే దవడ మొద్దుబారి సరిగా కొరకలేరు, నీలం కాగితం పెట్టి చూసినా అసలు తగులుడు దొరకదు. మత్తు పోయాక ఆ పన్ను రోజంతా దెబ్బ తింటూ ఉంటుంది. మళ్లీ వెళ్లి కొరుకు చూపించుకోండి. ముందు 40 మైక్రాన్ల కాగితంతో, తర్వాత 8 మైక్రాన్ల పల్చటి రేకుతో చూసి, మచ్చ పడిన చోట కాస్త అరగదీస్తారు. అరగదీసిన చోట రబ్బరు పాలిషర్‌తో నున్నగా చేయమని అడగండి. గరుకుగా వదిలేసిన జిర్కోనియా ఎదుటి పంటిని అరగ్గొడుతుంది.

చల్లదనానికి జివ్వుమనడం ప్రాణమున్న పన్నుకి మొదటి వారం రెండు వారాలు మామూలే, రోజురోజుకీ తగ్గాలి. నీళ్లు మింగాక కూడా నొప్పి నిమిషాల తరబడి ఉంటే, రాత్రి నిద్రలో లేపితే, నరం వాచిందని అర్థం. రూట్ కెనాల్ అవసరం కావచ్చు. క్యాప్ తీసేయాలేమోనని బెంగపడకండి, చాలాసార్లు క్యాప్ పైనుంచే చిన్న రంధ్రం చేసి ఆ పని ముగించి, రంధ్రాన్ని మూసేస్తారు.

ప్రశ్న: భోజనం చేస్తుంటే పంటి క్యాప్ ఊడి చేతిలోకి వచ్చింది. డాక్టరుగారు ఊళ్లో లేరు. ఫెవిక్విక్‌తో అతికించుకోవచ్చా? మా బావగారు అలాగే చేశారట, బాగానే ఉందంటున్నారు.
– ఒక ఉపాధ్యాయుడు, కర్నూలు

జవాబు: వద్దు. మీ బావగారి క్యాప్ ఒక వెంట్రుకవాసి ఎత్తుగానో పక్కకో కూర్చుని ఉన్నా ఆయనకి తెలియదు. ఆ జిగురు నోటికోసం చేసింది కాదు. సెకన్లలో గట్టిపడుతుంది కాబట్టి క్యాప్ వంకరగా కూర్చుంటే అలాగే బిగిసిపోతుంది, లోపల పాచి ఉంటే దానితో సహా. తర్వాత డాక్టరుగారు దాన్ని తీయబోతే పన్నే విరగొచ్చు, క్యాప్ మళ్లీ వాడటానికి పనికిరాకపోవచ్చు.

క్యాప్‌ని కడిగి చిన్న డబ్బాలో పెట్టుకోండి. టిష్యూ కాగితంలో చుట్టి జేబులో వేసుకున్న క్యాప్‌లు చెత్తబుట్టలోకే వెళ్తాయి. పంటిమీద మెత్తటి బ్రష్‌తో శుభ్రం చేయండి, ఆ వైపు నమలకండి. మందుల షాపులో దంతాల తాత్కాలిక సిమెంట్ దొరికితే, పగలు పూట మాత్రమే కొద్దిగా పెట్టుకోవచ్చు. రాత్రి క్యాప్ తీసేసి పడుకోండి, నిద్రలో మింగేసినా, ఊపిరితిత్తుల్లోకి జారినా ప్రమాదం. వారం లోపు చూపించుకోవాలి. ఆలస్యమైతే పక్క పళ్లు జరిగి ఆ ఖాళీని మూసేస్తాయి, అదే క్యాప్ మళ్లీ కూర్చోదు. రూట్ కెనాల్ అయిన పన్నైతే నొప్పి లేదు కదా అని నెలలు గడిపేస్తారు. నొప్పి చెప్పే నరమే లేదు, లోపల పుచ్చిపోతున్నా చప్పుడు చేయదు.

ప్రశ్న: మే నెలలో మా క్లినిక్‌లో కరెంటు పోతే ఏసీ ఆగుతుంది. అలాంటప్పుడు క్యాప్ సగం దిగేలోపే సిమెంట్ బిగుసుకుపోతోంది. పొడి కాస్త తగ్గించి కలపొచ్చా?
– ఒక దంతవైద్యురాలు, విజయవాడ

జవాబు: పొడి తగ్గించకండి. ద్రవం ఎక్కువైతే సమయం పెరుగుతుంది గానీ గట్టిపడ్డాక సిమెంట్ బలహీనం, గ్లాస్ అయనోమర్ అయితే ఆమ్లం ఎక్కువసేపు ఉండి పన్ను జివ్వుమంటుంది. పెట్టె మీద ఉన్న పనిచేసే సమయం సాధారణంగా 23 డిగ్రీల లెక్క. మీ గది 36 ఉంటే ఆ 2 నిమిషాలు 1 నిమిషం కూడా ఉండకపోవచ్చు.

చల్లబరిచిన గాజు పలక మీద కలపండి. అయితే విజయవాడలో ఒక చిక్కుంది. ఫ్రిజ్‌లోంచి తీసిన పలక మీద గాలిలోని తేమ చెమటలా పడుతుంది. ఆ నీరు కలిస్తే నిష్పత్తి పోయినట్టే. అందుకే పలక ఐస్‌లా ఉండకూడదు, చేతికి చల్లగా తగిలితే చాలు, వాడే ముందు పొడిగుడ్డతో ఒకసారి తుడవండి. ఫ్రిజ్‌లో ఉంచిన రెజిన్ సిమెంట్ సిరంజిని మాత్రం ముందే బయటికి తీసి పెట్టాలి, లేకపోతే చిక్కగా ఉండి రెండు గొట్టాలు సమానంగా రావు. మిక్సింగ్ టిప్ తగిలించే ముందు కొంచెం బయటికి తీసి, రెండు వైపులా ఒకేసారి వస్తున్నాయో లేదో చూడండి. ఒకవైపే వస్తే ఆ మొదటి భాగం గట్టిపడదు.

అన్నిటికంటే ముఖ్యం, సిమెంట్ ఎంత వేస్తారన్నది. చాలామంది క్యాప్ నింపేస్తారు. గోడలకి పల్చగా పూస్తే చాలు. నిండా వేస్తే అది బయటికి తోసుకెళ్లలేక లోపలే ఒత్తిడి పెట్టి క్యాప్‌ని ఎత్తుగా నిలబెడుతుంది, అంచు దగ్గర సందు మిగులుతుంది. ఆ సందులోనే రెండేళ్లకి పుచ్చు మొదలవుతుంది. క్యాప్ పెట్టి వేలితో నిలకడగా నొక్కి, అంచుని ప్రోబ్‌తో (సన్నటి మొన ఉన్న పరికరం) తాకి చూసి, దూది చుట్ట మీద కొరికించండి. ఈమ్యాక్స్‌ని కొరికించొద్దు, సిమెంట్ గట్టిపడేవరకు వేలి ఒత్తిడి చాలు. అతికే ముందు అది గాజు పలకలాంటిది, అతికాక గాని బలం రాదు.

ప్రశ్న: క్యాప్ పెట్టిన రెండు వారాలకి చిగురు ఎర్రబడి నెత్తురు వస్తోంది. మిగిలిన సిమెంట్ కారణమని చదివాను. ఎలా తీయాలి, ఎప్పుడు తీయాలి?
– ఒక బీడీఎస్ విద్యార్థి, విశాఖపట్నం

జవాబు: మీ అనుమానం నిజమే కావచ్చు. రెండు పళ్ల మధ్య, చిగురు కింద దాక్కున్న సిమెంట్ నూకగింజంత ఉన్నా చిగురు మానదు. బైట్‌వింగ్ ఎక్స్‌రే (పళ్ల మధ్య భాగం చూపేది) తీయండి, ఎక్స్‌రేలో తెల్లగా కనిపించే సిమెంట్లైతే దొరుకుతుంది.

తీయాల్సిన వేళ సిమెంట్ రబ్బరులా ఉన్నప్పుడు. రెజిన్ సిమెంట్ అయితే ఒక్కో వైపు సిమెంట్‌ని గట్టిపరిచే లైట్ 1 నుంచి 2 సెకన్లు మాత్రమే కొట్టండి. 5 సెకన్లు కొడితే రాయి అయిపోతుంది, తర్వాత దాన్ని గీకడంలో చిగురు చిరిగిపోతుంది. రెజిన్ కలిసిన గ్లాస్ అయనోమర్ అయితే 2, 3 నిమిషాలు ఆగి, ప్రోబ్ తగిలిస్తే ముక్కలుగా ఊడే దశలో తీయండి. ఒక వేలు క్యాప్ మీద ఉండాల్సిందే.

పళ్ల మధ్యకి ఫ్లాస్ దారానికి ఒక ముడి వేసి పంపండి. ఫ్లాస్ పైనుంచి దిగాక, ముడిని ఒకవైపు నుంచి రెండోవైపుకి లాగితే సిమెంట్ ముక్క దానితోపాటు బయటికొస్తుంది. ఫ్లాస్‌ని తిరిగి పైకి లాగొద్దు, కొత్తగా అతికిన క్యాప్‌ని లేపే ప్రమాదం ఉంది, ఒక కొస వదిలేసి పక్కకి లాగేయండి. అంతా శుభ్రమయ్యాకే ప్రతి వైపూ పూర్తిగా 20 సెకన్లకి తగ్గకుండా లైట్ కొట్టాలి. ఆఖరి లైట్‌కి ముందు అంచుమీద గ్లిజరిన్ జెల్ పూస్తే గాలి తగలక పైపొర మెత్తగా మిగలదు. మందపాటి జిర్కోనియా గుండా వెలుగు సరిగా దిగదు, అందుకే అక్కడ రెజిన్ సిమెంట్ వాడితే తనంతట తాను కూడా గట్టిపడే డ్యూయల్ క్యూర్ రకమే వాడాలి.

ప్రశ్న: మా ప్రాంతంలో ఫ్లోరైడ్ నీళ్లు. నా ముందు పళ్లు గోధుమరంగు మచ్చలతో ఉన్నాయి. సిరామిక్ వెనీర్లు (పంటి ముందు వైపు అతికించే పల్చటి పెంకులు) వేయించుకుంటే అతుక్కుంటాయా? మా ఊరివాళ్లకి ఊడిపోయాయని విన్నాను.
– ఒక యువకుడు, మర్రిగూడ, నల్గొండ జిల్లా

జవాబు: అతుక్కుంటాయి, అయితే మీ ఎనామిల్ (పంటి గట్టి పైతొడుగు) సంగతి తెలిసిన డాక్టరుగారు చేయాలి. ఫ్లోరైడ్ ఎక్కువ పట్టిన ఎనామిల్ పైపొర ఆమ్లానికి అంత తేలిగ్గా లొంగదు. మామూలు పంటికి ఫాస్ఫారిక్ యాసిడ్ 15 నుంచి 30 సెకన్లు పెడితే మంచు పట్టినట్టు తెల్లబడుతుంది. మీలాంటి పంటికి ఆ తెల్లదనం రాకపోవచ్చు. అప్పుడు 60 సెకన్లో ఇంకాస్తో పెట్టాలి, లేదా పైపొరని పల్చగా అరగదీసి లోపలి ఎనామిల్ మీద ఎచింగ్ చేయాలి. మంచు మెరుపు కనబడకుండానే వెనీర్ అతికిస్తే మీరు విన్నట్టే జరుగుతుంది.

మచ్చలు ముదురుగా ఉంటే అర మి.మీ. పల్చటి వెనీర్ కింద నుంచి కనబడతాయి. ముందు బ్లీచింగో, పైపొర గీకే చికిత్సో చేయించి రంగు తగ్గించుకోవాలి. బ్లీచింగ్ చేస్తే వెనీర్ అతికించేముందు రెండు వారాలైనా ఆగాలి, ఎందుకంటే మిగిలిన ఆక్సిజన్ రెజిన్‌ని గట్టిపడనివ్వదు. రంగు ఎలా వస్తుందో సిమెంట్ రంగు పేస్ట్‌తో ట్రయల్ చూపించమనండి. అది నీళ్లతో కడిగితే పోతుంది, నచ్చకపోతే మార్చుకోవచ్చు. పేస్ట్ వేసి చూసే వేళ కుర్చీ పైనున్న లైట్ ఆపించి, కిటికీ వెలుగులో అద్దం చూసుకోండి.

ప్రశ్న: యూజినాల్ ఉన్న తాత్కాలిక సిమెంట్ వాడితే తర్వాత రెజిన్ సిమెంట్ పట్టదా?
– ఒక దంతవైద్యుడు, నెల్లూరు

జవాబు: లవంగ నూనెలో ఉండేదే యూజినాల్. అది పంటిమీద మిగిలితే రెజిన్ గట్టిపడటాన్ని అడ్డుకుంటుంది. యూజినాల్ లేని తాత్కాలిక సిమెంట్ మార్కెట్లో ఉన్నప్పుడు పాతదెందుకు? వాడేసి ఉంటే ప్యూమిస్ పొడి, నీళ్లతో బాగా రుద్ది కడిగి, ఆ తర్వాతే అతికించండి. నెత్తురు ఆపడానికి ఫెర్రిక్ సల్ఫేట్, అల్యూమినియం క్లోరైడ్ వాడినప్పుడు కూడా అదే కడుగుడు. ఫెర్రిక్ సల్ఫేట్ మిగిలిపోతే ముందు పళ్లలో అంచు దగ్గర నల్లటి గీత కూడా పడుతుంది.